ప్రదర్శన వేళల్లో మాత్రమే

ఆ దేశంలో జనానికి జబ్బులు ఏడాదికి నాలుగు రోజులే వస్తాయి. మార్చిలో అంతర్జాతీయ వైద్య పరికరాల ప్రదర్శన జరిగే నాలుగు రోజులు, అదీ పొద్దున్న పది నుంచి సాయంత్రం ఐదు దాకా. దేశం పేరు చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు, చెప్పకపోతే చుట్టుపక్కల దేశాలన్నీ తమ గురించేననుకుంటాయి. ఆఫ్రికా తూర్పు తీరంలో, గాలి తిరిగితే లవంగాల వాసన వేసే ఒక రేవు పట్నం అనుకుంటే సరిపోతుంది.

పూర్వం అక్కడా అన్నిచోట్లలాగే జబ్బులు ఏడాది పొడుగునా వచ్చేవి. సర్కారువారు యంత్రాలు కొనేవారు. కొన్న యంత్రం ఆస్పత్రి చేరి, రిబ్బను కత్తిరింపించుకుని, ఫోటో దిగి, నెల తిరక్కుండా మూలపడేది. ఫ్యూజు పోతే ఫ్యూజు దొరకదు, దొరికితే వేసేవాడుండడు. ప్రదర్శనలో పెట్టిన యంత్రం మాత్రం ఏనాడూ ఆగి ఎరగదు. ఎలా ఆగుతుంది? పక్కనే కంపెనీ మనిషి టై కట్టుకుని, జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని, నవ్వుతూ నిలబడి ఉంటాడాయె! పదేళ్ళ రికార్డులు తిరగేసి ఆరోగ్యశాఖ ఒక నిర్ణయానికొచ్చింది: కొన్నది ఆగుతుంది, చూపించేది నడుస్తుంది. ఆ మాట గెజెట్లో వేశారు. జనం సర్దుకున్నారు. సర్దుకోవడం జనానికి కొత్తేమన్నానా? కొబ్బరిచెట్టు మీదినుంచి జారిపడ్డవాడు కాలు విరగడాన్ని మార్చి దాకా వాయిదా వేసుకుంటాడు. మార్చి రాగానే ఎక్స్‌రే స్టాలు ముందు వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఒక్కసారి "అబ్బా" అని విరగ్గొట్టుకుంటాడు.

వచ్చేవాళ్ళంతా సందర్శకులే. రోగి అన్న మాట ఫారంలో ఎక్కడా ఉండదు. 'కొనుగోలులో మీ పాత్ర' అన్న గడిలో దగ్గువాళ్ళు 'సలహాదారు' అనీ, ఆపరేషను కావలసినవాళ్ళు 'తుది నిర్ణయం నాదే' అనీ రాస్తారు.

కిల్లాన పైడిరాజు ఆ ప్రదర్శనకి రావడం ఇది నాలుగోసారి. నెలలు నిండని పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెలు, అదే, ఇంక్యుబేటర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో అతను సర్వీసు ఇంజినీరు. కంపెనీ విశాఖపట్నం పొలిమేరల్లో ఉంది. అమ్మేవాళ్ళని పంపితే పెట్టె మొరాయించినప్పుడు బిక్కమొహం వేస్తారని ఎండీ విశ్వనాథం గారు ఇతన్నే పంపుతారు. మూడేళ్ళూ అతను పెట్టెలో ఒక ప్లాస్టిక్ బొమ్మని పడుకోబెట్టి చూపించాడు. ఒక్క పెట్టె కూడా అమ్ముడుపోలేదు. ప్రతి ఏడూ రిపోర్టులో 'స్పందన అద్భుతం' అని రాశాడు.

ఆ పెట్టెలో బిడ్డని పెట్టే అవసరం అక్కడెవరికీ పడలేదు. ఏడో నెల బిడ్డ నిలదొక్కుకోవాలంటే ఆరువారాలు కావాలి, ప్రదర్శన చూస్తే నాలుగు రోజులు. అంచేత ఆ దేశపు తల్లులు నెలలు తక్కువ బిడ్డల్ని కనడమే మానుకున్నారు.

రెండోరోజున ఎదుటి స్టాలు కొరియా ఆయన ఒక స్కానర్ అమ్మాడు. రసీదు చింపిన మరుక్షణం స్కానర్ దీపం ఆరిపోయింది. కొన్నవారూ అమ్మినవారూ చేతులు కలుపుకుని ఫోటో దిగారు. ఎవరూ కనుబొమ్మ కూడా ఎత్తలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం మూడుంపావుకి కుట్టుపని చేసుకునే ఆషూరా అనే ఆవిడ స్టాలు ముందుకొచ్చి, కార్పెట్ మీద కూలబడి, బిడ్డని కనేసింది. ఏడో నెల. ఆడపిల్ల. ప్రదర్శనలో డ్యూటీ చేస్తున్న నర్సు మ్వాజుమా పరుగున వచ్చి బొడ్డు కోసి, పిల్లని తువ్వాల్లో పట్టుకుని పైడిరాజు వైపు చూసింది. పదకొండువందల గ్రాములు. మన వంటింట్లో పప్పు పొట్లం ఇంచుమించు అంతే బరువుంటుంది. పైడిరాజు బొమ్మని తీసి బల్లకింద పెట్టాడు. ఇన్నేళ్ళలో అతను వందల పెట్టెలు బిగించాడు గాని, ప్రాణమున్న పిల్లని లోపల చూడడం అదే మొదలు. అతనికి చచ్చేంత భయం వేసింది. అయినా వేడి సరిచేశాడు. పిల్ల నీలం తిరగడం మాని మెల్లగా ఎర్రబడింది.

నాలుగున్నరకి ఆరోగ్యశాఖ అధికారి కోంబో నిబంధనల పుస్తకం పట్టుకుని వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాడు, పుస్తకం ఎటుంటే అటుంటాడు.

"ఐదింటికి ప్రదర్శన ముగుస్తుంది, బ్వానా," అన్నాడు. వాళ్ళ భాషలో అయ్యగారూ అని. "ముగిశాక ఇది ప్రదర్శన వస్తువు కాదు, సరుకు. సరుకు నడవదు."

"మరి పిల్లో?" అన్నాడు పైడిరాజు.

కోంబో పుస్తకం తిరగేశాడు. పిల్ల గురించి పుస్తకంలో లేదు.

మ్వాజుమా ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. పంతొమ్మిదో నిబంధన కింద చిన్న అక్షరాల్లో ఉంది: ప్రదర్శకుడు స్టాల్లో నిలబడి, సందర్శకుడు వివరాలు అడుగుతున్నంతసేపూ ప్రదర్శన జరుగుతున్నట్టే లెక్క, ప్రశ్నకీ ప్రశ్నకీ నడుమ పది నిమిషాలు మించరాదు. ఆవిడ పుస్తకం మూసి, గొంతు సవరించుకుని, "ఈ పెట్టెకి కరెంటు ఎంత కావాలండీ?" అని అడిగింది.

"నాలుగొందల వాట్లమ్మా," అన్నాడు పైడిరాజు.

ఐదు దాటింది. పెట్టె దీపం వెలుగుతూనే ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అక్కడ అమ్మే అడగడం మొదలుపెట్టింది. ఆషూరా అడిగింది, వాళ్ళమ్మ అడిగింది, వాళ్ళ వీధిలో అందరూ వంతులు వేసుకుని వచ్చి అడిగారు. ఎన్ని వాట్లు? గాజు ఎంత మందం? ఏ రంగుల్లో వస్తుంది? మ్వాజుమా ప్రతి ప్రశ్ననీ రిజిస్టర్లో రాసేది. పైడిరాజు నోరు నొప్పెట్టేదాకా చెప్పాడు. అతను బల్లకి ఆనుకుని కునుకు తీస్తే నిద్ర చెడకుండా గుసగుసగా అడిగేవారు, అతను నిద్రలోనే నాలుగొందలు అనేవాడు. మిగతా కంపెనీలన్నీ పెట్టేబేడా సర్దుకుని వెళ్ళిపోయాయి. చుట్టూ కార్పెట్ చుట్టేశారు. అంత పెద్ద హాల్లో తొమ్మిది చదరపు మీటర్ల నీలం కార్పెట్ ముక్క, దానిమీద ఒక దీపం, ఒక పెట్టె, టై కట్టుకున్న మనిషి. సముద్రపు గాలి ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి పోయేది. పిచ్చికలు వచ్చి బ్రోషర్ల మీద వాలేవి. గాజు వెనక పిల్ల నిద్రలో నవ్వుకునేది.

వారం తర్వాత విశ్వనాథం గారు ఫోను చేశారు.

"ఏటయ్యా పైడిరాజూ, విమానం ఎక్కలేదంట?"

"ప్రదర్శన అవలేదండి."

"నాలుగ్రోజులే గదేటి!"

"ఇంకా అడుగుతున్నారండి. రిజిస్టర్లో నాలుగువేల రెండొందలు దాటేయి."

అవతల విశ్వనాథం గారికి ఊపిరి ఆడలేదు. "నాలుగువేల ఎంక్వయిరీలే! కంపెనీ పుట్టేక ఎప్పుడైనా చూసేమా? ఉండు నాయనా, అక్కడే ఉండు. కదలకు."

ఇరవయ్యోరోజున కోంబో మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో ఆర్డరు కాగితం. రెండొందల పెట్టెలు కావాలి, నమూనాగా ఈ పెట్టెని ముందు అప్పగించాలి. సంతకం పెడితే చాలు. పైడిరాజు గాజులోంచి చూశాడు. పిల్ల పదమూడువందల యాభై గ్రాములు. ఫోను తీసి ఎండీకి చెప్పాడు.

"పెట్టెయ్యి సంతకం!" అన్నారాయన. "ఆఫ్రికా మార్కెట్ మన గుమ్మంలోకొచ్చి నిలబడితే చూస్తావేటి?"

"పిల్ల లోపలుందండి."

"ఒక్క పిల్ల కోసం చూస్తే ఎలాగయ్యా? రెండొందల మంది పిల్లలకి పెట్టెలొస్తాయి."

"రెండొందలూ మూలపడతాయండి. మీకూ తెలుసు, నాకూ తెలుసు."

విశ్వనాథం గారు గొంతు తగ్గించి, "తెలుసు నాయనా. తెలీకేం," అన్నారు. "నీ ఇష్టం. నేనైతే ఫోన్లో ఏటీ చెప్పలేదు."

పైడిరాజు ఫోను పెట్టేసి కోంబో వైపు తిరిగాడు. ఉద్యోగం పోతే పోయిందనుకున్నాడు. పిల్ల ముందు అది ఎంత?

"అయ్యా, తమరు కొనడానికి కాదు గదా వచ్చింది. వివరాలు అడగడానికి."

కోంబో పెట్టె వైపు చూశాడు, కార్పెట్ అంచున కూర్చుని ఊపిరి బిగబట్టిన ఆషూరా వైపు చూశాడు. కలం మూత పెట్టాడు.

"వారంటీ ఎన్నేళ్ళు?" అని అడిగాడు.

మ్వాజుమా దాన్ని తొమ్మిదివేల నూటపదహారో ప్రశ్నగా రిజిస్టర్లో రాసింది. కోంబో ఫైలు మీద 'పరిశీలనలో ఉంది' అని రాసి, కులాసాగా వెళ్ళిపోయాడు.

ముప్పయ్యారో రోజున విశ్వనాథం గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం పోలేదు సరికదా, పేరు పక్కన 'ఆఫ్రికా శాశ్వత ప్రతినిధి' అని హోదా కూడా తగిలించారు. కింద ఇంకో సంగతి. మన జిల్లాలోనే ఒక ఏరియా ఆస్పత్రి సూపరింటెండెంటు గారు అర్జీ పెట్టుకున్నారట. రెండేళ్ళ క్రితం కొన్న రెండు పెట్టెలూ గుడ్డ కప్పుకుని ఉన్నాయి, ఇకమీదట కొనుగోళ్ళు వద్దు, వీలైతే మా ఆస్పత్రిలోనూ ఒక ప్రదర్శన పెట్టించండి, నెలలు తక్కువ కాన్పులన్నీ ఆ తేదీలకి సర్దమని ఆశా వర్కర్లతో చెప్పిస్తాం అని. ఆ రెండు పెట్టెలూ బిగించింది పైడిరాజే. రిబ్బను ఫోటోలో ఎడమ చివర నిలబడింది కూడా అతనే. ఆ తర్వాత అటువైపు వెళ్ళమని కంపెనీ చెప్పలేదు, అతనూ వెళ్ళలేదు. ఈ రెండేళ్ళలో ఆ ఊళ్ళో నెలలు నిండని పిల్లలు ఎంతమంది పుట్టి ఉంటారో లెక్కవెయ్యబోయి మానుకున్నాడు. ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకుని, అడిగినవాళ్ళకి రంగుల గురించి చెప్పాడు.

నలభై నాలుగో రోజున పిల్ల రెండు కిలోలు తూగింది. మ్వాజుమా పెట్టె తలుపు తీసి పిల్లని తల్లి చేతుల్లో పెట్టింది. ఆషూరా ఏడ్చింది, మ్వాజుమా ఏడ్చింది, పైడిరాజు మొహం తిప్పుకుని స్క్రూలు బిగించాడు. ఇక సర్దుకోవచ్చు. విమానం టికెట్టు వస్తుంది. ఇంటికి వెళ్ళి నాలుగురోజులు పడుకోవచ్చు.

ఆషూరా నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మళ్ళీ ప్రదర్శన ఎప్పుడు, బ్వానా? మా చెల్లికి ఆరో నెల. ఏడాది దాకా ఆగలేనంటోంది."

ఆవిడ వెనకాల, చుట్టేసిన కార్పెట్ల మీద ఎనిమిదిమంది ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరూ బతిమాలడం లేదు. మెడలో సందర్శకుల బ్యాడ్జీలు వేసుకుని, వరస తప్పకుండా కూర్చున్నారు.

"ఇదింకా అవలేదమ్మా," అన్నాడు పైడిరాజు. "రేపు పదింటికి రమ్మను."

వరసలో మొదటావిడ లేచి వచ్చి ఖాళీ పెట్టె గాజు మీద అరచెయ్యి ఆనించింది. వెచ్చగా ఉందేమో, కాసేపు తియ్యలేదు.

"ఇది అమ్మకానికా?" అని అడిగింది.

"కాదమ్మా," అన్నాడు పైడిరాజు, "పనిచెయ్యడానికి."