చందన భుజం, ముసలెద్దు గుట్ట

చందన ఎడమ భుజం ఎగరేసిన ప్రతిసారీ ఊరికి పడమట ఉన్న ముసలెద్దు గుట్ట ఒక అంగుళం తూర్పుకు జరుగుతోందని నల్లగుట్లపల్లి తహసీల్దారు కార్యాలయం జూలై పద్నాలుగో తేదీన ధ్రువీకరించింది. పత్రం మీద గుండ్రటి ముద్ర, దాని పక్కన తహసీల్దారు ఆకుపచ్చ సంతకం, కింద సర్వేయరు చెంగల్రాయుడి పొడి సంతకం ఉన్నాయి. వయసు అన్న గడిలో చందనకు తొమ్మిదేళ్లని రాశారు. గుట్టకు 'తెలియదు' అని రాశారు.

ఈ సంగతి అందరికంటే ముందు కనిపెట్టింది చందన తల్లి కుసుమ. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషను పడమటి కిటికీ పక్కన ఉంటుంది. ఆరుకు పది నిమిషాలుందనగా పొద్దు గుట్ట వెనక్కి దిగుతుందని, ఆ లోపలే సూదిలో దారం ఎక్కించుకోవడం ఆమెకు పన్నెండేళ్ల అలవాటు. ఏప్రిల్లో పొద్దు ఇంకా ఆలస్యంగా దిగాలి. దానికి బదులు ఆరుకు పావుగంట ముందే దిగిపోయింది. వారం తర్వాత ఇరవై నిమిషాల ముందు.

అవే రోజుల్లో చందన గౌను మెడ ఎప్పుడు చూసినా ఒక పక్కకు జారి ఉండేది. కుట్టులో తప్పనుకుని కుసుమ రెండుసార్లు విప్పి కుట్టింది. టేపు పెట్టి కొలిచింది. కుట్టు సరిగ్గానే ఉంది. అప్పుడు మిషను ఆపి పిల్లను చూస్తూ కూర్చుంది. లెక్కలు చేసుకుంటున్న చందన ఎడమ భుజం చెవిదాకా ఎగిరింది. మిషను మీది కత్తెర సన్నగా మోగింది. కిటికీలో గుట్ట జరిగింది.

"ఎందుకే అట్ల భుజం ఎగరేస్తాండావు?"

"నేను ఎగరేయలేదు మా. అదే పోతాంది."

"రోంత ఆపుకో చూద్దాం."

చందన ఆపుకుంది. మొహం ఎర్రబడింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిమిషం తర్వాత భుజం వరసగా నాలుగుసార్లు ఎగిరింది, గుట్ట నాలుగంగుళాలు జరిగింది. కుసుమ ఆ తర్వాత ఎప్పుడూ పిల్లను ఆపుకోమనలేదు.

గుట్ట జరగడం నిజంగా చూడవలసిన దృశ్యం. ఏనుగులంతేసి బండలు ఒకదాని మీద ఒకటి ఉన్నవి ఉన్నట్టే, సీతాఫలం పొదలు ఒక్క ఆకు రాల్చకుండా, మేస్తున్న మేకలు తల ఎత్తకుండా, మొత్తం గుట్ట కదిలేది. పెద్ద చప్పుడు కూడా ఉండేది కాదు. పక్కగదిలో ఎవరో నిండు బీరువాను గచ్చు మీద జరిపినట్టు వినిపించేది. గుట్ట వదిలిపోయిన చోట, నేల పుట్టినప్పటి నుంచి వెలుతురు ఎరగని మట్టి బయటపడేది. ఎర్రగా, తడిగా ఉండేది. చెయ్యి పెడితే అప్పుడే నిద్రలేచిన పిల్ల బుగ్గలా గోరువెచ్చగా తగిలేది. కుసుమ ఒకసారి వెళ్లి ముట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆమె జాకెట్లేమీ కుట్టలేకపోయింది.

మొదటి పది రోజులు ఊరంతా మిద్దెలెక్కి చేతులు జోడించింది. పదకొండో రోజు పాలవ్యాను దారి మార్చుకుంది. తూర్పున ఎవరి పొలం గుట్ట కిందికి పోతే వారికి పడమట బయటపడిన నేలలో అంతే విస్తీర్ణం ఇవ్వాలని, ఈ మార్పులు ప్రతి శనివారం నమోదు చేయాలని రెవెన్యూ శాఖ ఉత్తర్వు వేసింది. రైతులు కొత్త మట్టిలో వేరుశనగ వేశారు. బాగా మొలిచింది.

చందన తండ్రి ఓబులేసు ఆర్టీసీ కండక్టరు. గుట్ట సంగతి గవర్నమెంటు చూసుకుంటుంది, పాప సంగతి మనం చూసుకోవాలని మొదట అన్నవాడు అతనే. సాయంత్రమయ్యేసరికి చందన ఎడమ చేత్తో కంచం పట్టుకోలేకపోయేది. నోటుబుక్కులో అక్షరాలు గీతల మధ్యనుంచి లేచి పోయేవి. బడిలో టీచరు తిడుతుందని భుజాన్ని సాయంత్రం దాకా బిగబట్టుకుని, గంట కొట్టగానే ఇంటికి పరిగెత్తుకొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరవైసార్లు ఎగరేసేది. గుట్ట ఒకే ఊపులో అయిదడుగులు వచ్చేది. ఆ సమయానికి గుట్ట ముందు ఎవరూ నిలబడకూడదని పంచాయతీ బోర్డు పెట్టింది. చందన ముందు ఏం చేయాలో ఎవరూ బోర్డు పెట్టలేదు.

ఏరియా ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. భుజం భేషుగ్గా ఉందన్నాడు. గుట్ట మా డిపార్ట్‌మెంటు కాదన్నాడు. తొంభై కిలోమీటర్ల దూరంలోని నగరంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. కొత్తవాళ్ల ముందు బిగబట్టుకోవడం చందనకు అప్పటికే బాగా అలవాటైంది కాబట్టి ఆ గదిలో భుజం ఎగరలేదు.

"ఇక్కడేమీ కదలడం లేదు కదమ్మా," అన్నాడు డాక్టరు.

కుసుమ ఫోనులో వీడియో చూపించింది. ఆయన శ్రద్ధగా మూడుసార్లు చూశాడు.

"భుజం ఎగిరింది కాబట్టి గుట్ట జరిగిందా, గుట్ట జరిగింది కాబట్టి పాప ఉలిక్కిపడి భుజం ఎగరేసిందా? అది తేలకుండా మందు రాయలేను. రెవెన్యూ వాళ్ల దగ్గర సర్టిఫికెట్ తీసుకురండి."

జూలై పద్నాలుగు నాటి పత్రం అలా పుట్టింది. దాన్ని తీసుకెళ్లి చూపిస్తే ఆయన ఫైల్లో పెట్టుకుని మెదడు స్కానింగు తీయించాడు. మెదడు నార్మల్‌గా ఉందని వచ్చింది. నార్మల్‌గా ఉంది కాబట్టి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాడు. ఆ డాక్టరు చందనతో రెండు మాటలు, కుసుమతో గంటసేపు మాట్లాడాడు. తల్లి గమనిస్తుంటే పిల్లలు ఇలాంటివి ఎక్కువ చేస్తారని, వారం రోజులు పిల్ల భుజం వైపు గాని, గుట్ట వైపు గాని చూడవద్దని చెప్పాడు. కుసుమ మిషనును తూర్పు కిటికీకి మార్చుకుంది. ఓబులేసు పడమటి కిటికీకి దుప్పటి కట్టాడు. వారం రోజులు ఇంట్లో ఎవరూ చూడలేదు. గుట్ట డెబ్బై అడుగులు జరిగింది.

ఆ డాక్టరే ఎందుకైనా మంచిదని ఒక రక్తపరీక్ష కూడా రాశాడు. దాని కోసం వాళ్లు మళ్లీ తమ ఊరి ఏరియా ఆసుపత్రికి వచ్చారు. అక్కడి ల్యాబులో మస్తాన్ వలీ అనే ఆయన ముప్పై ఏళ్లుగా రక్తం తీస్తున్నాడు. సూది గుచ్చగానే చందన "అమా" అని నోరంతా తెరిచి అరిచింది. మస్తాన్ వలీ సూది పని ముగించి, దూది అదిమి, టార్చిలైటు తీశాడు.

"ఇంకోసారి అరువు పాపా. ఊరికే అరువు."

చందన అరిచింది. ఆయన చాలాసేపు లోపలికి చూశాడు.

"ఏందిమా, గొంతు ఇట్ల ఉండాది? ఇంతమంది డాక్టర్లకు చూపించినారు గదా, ఒక్కరైనా నోరు తెరవమన్లేదా?"

కుసుమ గుర్తు చేసుకుంది. భుజాన్ని చూశారు, వెన్ను చూశారు, మెదడు చూశారు. తనను చూశారు. వీడియో చూశారు, సర్టిఫికెట్ చూశారు. నాలుగు నెలల్లో ఎవరూ పిల్లను నోరు తెరవమనలేదు.

"భుజం ఎగిరేదానికి ముందు జరమేమన్నా వచ్చిందా?"

"మార్చిలో వచ్చింది సార్. గొంతునొప్పి, జరం."

"మందు రాసిచ్చింటారే?"

"రాసిచ్చినారు. పది దినాలకు."

"ఎన్ని దినాలు వేసినారు?"

కుసుమ మొగుడి వైపు చూసింది. ఓబులేసు గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలు చూస్తున్నాడు.

"మూడు," అంది కుసుమ.

మూడో రోజుకు జ్వరం తగ్గింది. అన్ని మందులు మింగితే పిల్లకు వేడి చేస్తుందని ఆపింది. మిగిలినవి పారేయడం ఎందుకని, పక్కింటి పాపకు దగ్గొస్తే ఇచ్చింది. ఆ వీధిలో అందరూ అలాగే చేస్తారు, ఒకరి ఇంట్లో మిగిలిన మందుతో ఇంకొకరి పిల్లకు మొదలు పెడతారు. అది మంచితనమని కుసుమ ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చింది.

మస్తాన్ వలీ కోప్పడలేదు. "మా ఇంట్లోనూ అంతేలేమా. గొంతులో పురుగు సగం చచ్చి సగం బతికింటాది. ఒళ్లు దాన్ని కొట్టబోయి, మనిషిని గుర్తుపట్టక మెదడు మీద చెయ్యి చేసుకుంటాది. నేను డాక్టర్ను కాను. ముప్పై ఏండ్లు సీసాలు చూసినోణ్ని, అంతే." పొడుగు పుల్లకు చుట్టిన దూదితో గొంతులో తుడిచి పరీక్షకు పెట్టాడు.

మూడో రోజు ఫలితం వచ్చింది. పురుగు ఉంది. అక్కడి పిల్లల డాక్టరు ఆ కాగితం చూసి, పది రోజులకు మందు రాసి, పది అన్న అంకె చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు. మళ్లీ గొంతునొప్పి వస్తే భుజం మళ్లీ మొదలవచ్చు, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలని కింద ఒక వాక్యం రాశాడు.

మందు తెచ్చుకున్న రోజు సాయంత్రమే రోడ్ల శాఖ ఇంజనీరు ఇంటికొచ్చాడు. నెమ్మదస్తుడు. చెప్పులు బయటే విడిచి వచ్చి, చందనకు చాక్లెట్ల డబ్బా ఇచ్చాడు. ఊరికి బైపాసు రోడ్డు గుట్ట ఉన్న చోటి మీదుగా వేయాలని పదేళ్ల కిందటే నిర్ణయమైంది. గుట్టను పేల్చి తీయడానికి మూడేళ్లు పడుతుంది. గుట్ట తనంతట తాను ఇరవైమూడు వేల ఆరువందల అంగుళాలు తప్పుకుంటే ఆ పని అక్కరలేదు. అందులో పద్నాలుగు వేల అయిదువందలు చందన ఇప్పటికే పూర్తి చేసింది.

"పదిహేడేళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన పని నేను చూడలేదమ్మా," అన్నాడు. "ఒక్క రాయి పగల్లేదు. ఒక్క మేక చావలేదు. నిన్న నేను మా ఆవిడను కూడా తీసుకొచ్చి చూపించాను."

"పాపకు చెయ్యి నొప్పి సార్," అంది కుసుమ.

"తెలుసమ్మా. మందు వద్దని ఎవరంటారు? కొంచెం వాయిదా వేయమని శాఖ తరఫున కోరుతున్నాం. రోజుకు నూటయాభై చొప్పున వేసుకున్నా రెండు నెలలు."

ఉత్తరం చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఓబులేసు దాన్ని రెండుసార్లు చదివాడు.

"అంత పెద్దాయన ఇంటికొచ్చి అడిగినాడు. రెండు నెలలే గదా కుసుమా."

"అయితే మీ భుజం ఇచ్చి పంపండి రెండు నెలలు."

"నా భుజానికి గుట్ట కాదు గదా, బస్సు తలుపు కూడా కదల్దు."

"అదే నేననేది. మీది కదల్దు కాబట్టి మీకు రెండు నెలలే."

చందన తలుపు పక్కన నిలబడి వింటోంది. భుజం ఎగిరింది. దూరంగా బీరువా జరిగిన చప్పుడు.

"అమా, గుట్ట ఆగిపోతే అందరూ నన్ను తిడతారా?"

"తిడితే నన్ను తిట్టనీ. నోరు తెరువు."

పది రోజులు, రోజుకు రెండు పూటలు, ఒక్క పూట తప్పకుండా కుసుమ మందు వేసింది. కాలెండర్లో ప్రతి పూటకూ ఒక గీత గీసింది. అయిదో రోజుకు గుట్ట నెమ్మదించింది. ఎనిమిదో రోజు మొత్తం మీద పన్నెండు అంగుళాలే జరిగింది. పదో రోజు మధ్యాహ్నం చందన చాప మీద నిద్రపోయింది. ఎడమ చెయ్యి పక్కకు వాలి, వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. కుసుమ కిటికీకి కట్టిన దుప్పటి విప్పి చూసింది. గుట్ట నిలబడి ఉంది. ఇన్నాళ్లూ గుట్ట నడుస్తుంటే తల ఎత్తని మేకలు, ఇప్పుడు అన్నీ ఒక్కసారే తలలెత్తి చుట్టూ చూస్తున్నాయి. అంత నిశ్శబ్దం కుసుమ ఎప్పుడూ వినలేదు. తన కడుపున పుట్టిన పిల్ల ఇంత రాయిని ఇంత దూరం నడిపించిందా అని ఒళ్లు జలదరించింది. సంతోషంతో పాటు, ఎందుకో, కొంచెం దిగులు కూడా వేసింది. ఆ దిగులును ఎవరికీ చెప్పలేదు.

గుట్ట ఇంకా ఎనిమిది వేల నాలుగువందల అంగుళాలు మిగిలి ఉండగానే ఆగింది. మందు వేసినందుకు చర్య తీసుకోవడానికి ఏ నిబంధనా లేదని తేలింది. అయితే పిల్లల డాక్టరు చీటీ కింద రాసిన వాక్యాన్ని ఇంజనీరు జాగ్రత్తగా చదివి, దాన్ని పై అధికారులకు పంపాడు. మళ్లీ గొంతునొప్పి వచ్చే అవకాశం ఉన్నదని వైద్యులే ధ్రువీకరించారు కాబట్టి బైపాసు పథకాన్ని రద్దు చేయనక్కరలేదని, గొంతును వారం వారం పరిశీలించాలని ఉత్తర్వు వచ్చింది.

నాలుగు నెలలు ఎవరూ చూడని గొంతును ఇప్పుడు ప్రతి సోమవారం ముగ్గురు చూస్తున్నారు. పది గంటలకు జీపు వస్తుంది. పిల్లల డాక్టరు, ఇంజనీరు, సర్వేయరు చెంగల్రాయుడు దిగుతారు. ఊళ్లోవాళ్లు కూడా చందనను మరిచిపోలేదు. బడి నుంచి వస్తుంటే ఆపి ఐస్‌క్రీం కొనిపెడతారు. వానలో గొడుగు లేకుండా కనిపిస్తే తొందరేం లేదు, నిదానంగా పొమ్మంటారు. మిద్దె మీద నుంచి పలకరించే ఆడవాళ్లు "పాపకు జలుబేమన్నా చేసిందా?" అని ఆప్యాయంగా అడుగుతారు. కుసుమ లేదని చెప్పి, మీ పిల్లలెలా ఉన్నారని అడుగుతుంది.

చందన భుజం బాగుంది. అక్షరాలు గీతల మీద కుదురుగా కూర్చుంటున్నాయి. గేటు చప్పుడైతే మాత్రం, ఎక్కడున్నా లేచి వచ్చి వరండాలో నిలబడి నోరు తెరుస్తుంది. ఎవరూ చెప్పనక్కరలేదు. పాలాయన వచ్చినా తెరుస్తుంది.

పోయిన సోమవారం డాక్టరు టార్చి వేసి చూసి, "శుభ్రంగా ఉంది," అన్నాడు. చెంగల్రాయుడు రిజిస్టరులో రాసుకుని కుసుమ చేత సంతకం చేయించుకున్నాడు. ఇంజనీరు కిటికీలోంచి గుట్ట వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఆయన ఏ సోమవారమూ ఏమీ అనడు. ఆ మౌనం చూడలేక, కాఫీ గ్లాసు అందిస్తూ కుసుమ తనకు తెలియకుండానే అనేసింది.

"తప్పనుకోవద్దండి సార్. పాపకు బాగైపోయింది."

"పరవాలేదమ్మా," అన్నాడు ఇంజనీరు, ఆమెను ఓదారుస్తున్నట్టు. "చలికాలం వస్తోంది కదా."