పాషా పాట మానేశాడు

సెతిఫ్ ఊళ్లోని చలి అంతా లాయిద్ ఇంట్లోకి దర్జాగా వచ్చే దారి ఒకటుంది. వంటింటి గోడకి అడుగున అరచేయంత కన్నం. గ్యాసు హీటరు బిగించినవాడే ఆ కన్నమూ కొట్టి, దాన్ని మాత్రం ముయ్యొద్దని మరీ మరీ చెప్పి వెళ్లాడు.

ఆ గాలికి జులీఖా మోకాళ్లు పట్టేస్తున్నాయి. లాయిద్ పెళ్లాంతో పొద్దస్తమానం వాదిస్తాడు గానీ, ఆమె కుంటుతూ నడుస్తుంటే చూడలేడు. ఆమె హమ్మాముకి స్నానానికి వెళ్లిన రోజు చూసుకుని, తన పాత ఉన్ని మేజోళ్లు ఉండ చుట్టి కన్నంలో కుక్కాడు. ముందు పిండి బస్తా అడ్డం పెట్టాడు.

"చూశావా, హీటరు ఎంత బాగా పనిచేస్తోందో," అన్నాడు సాయంత్రం.

"పోనీలే, ఈ ఇంట్లో ఒకటైనా పనిచేస్తోంది," అంది జులీఖా.

మర్నాటికి పాషా పాట మానేశాడు. పాషా అంటే లాయిద్ పెంచుకునే ఎర్రమొహం పాటపిట్ట. వాడి పంజరం హీటరు పక్కనే ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని కునికిపాట్లు పడుతున్నాడు. లాయిద్ ప్రాణం విలవిల్లాడింది. పంజరానికి శాలువా కప్పి కాఫీ హోటలుకి బయల్దేరాడు.

"నాకూ తల పగిలిపోతోందయ్యా," అంది జులీఖా.

"పుదీనా టీ తాగి పడుకో," అన్నాడు గడప దాటుతూ.

హోటల్లో పాషా గొంతెత్తి పాడాడు. ఇంటికి తెస్తే మళ్లీ కునుకు. రోజూ ఇదే వరస. లాయిద్‌కి మాత్రం ఏ నలతా లేదు. ఇంటిపట్టున ఉంటే కదా!

పిట్టల సంగతి తనకే తెలుసనుకునే స్నేహితుడు తాహర్ పంజరం చుట్టూ తిరిగి తేల్చేశాడు. "వాడు బెదురుతున్నాడు. మా చెల్లెమ్మని కాస్త గొంతు తగ్గించమను."

ఆ మాట ఎలా చెప్పాలా అని లాయిద్ దారి పొడవునా సాధన చేశాడు.

ఇంటికొచ్చేసరికి తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. హీటరు ఆర్పేసి ఉంది. జులీఖా అతని ఉన్ని అంగీ కప్పుకుని వాకిట్లో కూర్చుంది. మొహం పాలిపోయింది.

"వడ్డించాను, తిను," అంది.

లాయిద్ పళ్లెం మీది మూత తీశాడు. మేజోళ్లు.

"పిట్ట బయటికెళ్తే పాడుతోంది. నేను బట్టలారేయడానికి మిద్దెక్కితే తలనొప్పి పోతోంది. జబ్బు మాది కాదు, ఇంటిదని తెలిసింది. వాసనా లేదు, పొగా లేదు, కానీ గాలాడకపోతే హీటరు విషం కక్కుతుంది. బస్తా జరిపితే ఇవి."

"నీ మోకాళ్ల కోసమే..." అన్నాడు లాయిద్.

"పిట్టకి నలతగా ఉంటే ఊరంతా తిప్పావు. నన్ను టీ తాగమన్నావు."

ఆమె లేని వంటిల్లు ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. లాయిద్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేకపోయాడు కూడా.

జులీఖా గొంతు తగ్గింది. "మోకాళ్లు నొప్పెడితే నొప్పెట్టనీ. నేనున్నానని తెలుస్తుంది. హీటరువాడికి కబురు పెట్టాను, వాడొచ్చి పొగగొట్టం చూసేదాకా అది వెలగదు. అంతవరకూ ఈ మోకాళ్లకి నువ్వే దిక్కు."

లాయిద్ కింద కూర్చుని, పళ్లెంలోని మేజోళ్లు ఆమె కాళ్లకి తొడిగి, మోకాళ్లు పట్టసాగాడు. పక్కన పాషా పాట అందుకున్నాడు.

"ఇంతకీ వీడి జబ్బు ఏమిటన్నాడు తాహర్?"

"ఏమీ అన్లేదు," అని లాయిద్ తలొంచుకుని ఇంకాస్త శ్రద్ధగా పట్టాడు.