పచ్చ పంచాయితీ

నూలు గదిలో మూడు కుర్చీలు వేయాలి. తలుపు దగ్గరగా వేసి, ఇద్దరు మనుషుల చేత ఒక గంటసేపు మెల్లగా మాట్లాడించాలి. గురువారం ఉదయానికి మంజులత వేసుకున్న పథకం ఇంతే.

ఆమెది కేతేపల్లి. నారాయణపేటలో ఒక చిన్న చేనేత సంఘానికి మేనేజరు. పోయిన నెల మహబూబ్‌నగర్‌లో, పనిచేసేచోట పుట్టే తగాదాలను తీర్చడం ఎలా అని మూడు రోజుల శిక్షణకు వెళ్లి, ఒక నోటుపుస్తకం నిండా రాసుకొచ్చింది. ముందు ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, ఎవరి మనసులో ఏముందో వాళ్లకే తెలిసేలా చేయాలట. ఆ తర్వాతే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలట. మధ్యవర్తి విన్నది తిరిగి చెప్పాలి తప్ప తీర్పు చెప్పకూడదట.

ఇక్కడ ఆ ఇద్దరూ రంగులద్దే నూరుద్దీన్, నేత మాస్టరు ఐలేశం. ఇరవయ్యారేళ్ల దోస్తానా ఆరు నెలల కింద ఒక్క మాట దగ్గర తెగింది. ఆ మాట ‘పచ్చ’. ఎనిమిది చీరల అంచుకు పచ్చ నూలు కావాలని ఐలేశం కబురు పంపాడు. అతని మనసులో ఉన్నది పసుపు. నూరుద్దీన్ ఆకు రంగు వేసి పంపాడు. ఐలేశం ఆ కట్టను నలుగురి ముందు విసిరికొట్టి, “ముసలోనికి కండ్లు మసకలొచ్చినయి!” అన్నాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఆ గడ్డి ఏ రంగన్నది వేరే సంగతి.

ఇప్పుడు నూరుద్దీన్ శుక్రవారం నమాజు కాగానే రంగుల కొట్టం తాళంచెవి ఇచ్చేసి వెళ్లిపోతానంటున్నాడు. అతను పోతే సంఘంలో రంగు కలిపే చెయ్యి ఇంకొకటి లేదు. ఆ కొట్టం తప్ప నూరుద్దీన్‌కు వేరే లోకమూ లేదు.

బుధవారం మంజులత ముందు ఐలేశంతో కూర్చుంది.

“అంటే, కాకా, నీకు కోపంగ ఉంది.”

“ఆరు నెలల సంది గదే చెప్తున్న గద మేడం! ఇయ్యాలనే ఇనొచ్చిందా?”

“ఆ కోపం రంగు మీదనా, మనిషి మీదనా?”

ఐలేశం తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. నూరుద్దీన్ అయితే అంత కూడా మాట్లాడలేదు. “రంగు సంగతి ఇడిసిపెట్టు బేటీ,” అని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఆమె అటెండరు సాయిలును పిలిచింది. “రేపు పదకొండుకు వాళ్లిద్దర్ని కూసోబెడుతున్న. వాళ్లకు తప్ప ఎవ్వరికి చెప్పకు.”

సాయిలు మాట తప్పే మనిషి కాదు. వాళ్లిద్దరికే చెప్పాడు. కాకపోతే కూర్చోబెట్టడమంటే అతనికి తెలిసింది ఒకటే. “రేపు మేడం పంచాయితి పెడ్తాంది. మస్తు సదువుకున్నామె. ఎందుకన్న మంచిది, నీ దిక్కు పెద్దమనుషులను తెచ్చుకో,” అని ఐలేశం చెవిలో చెప్పాడు. ఒకరికి చెప్పి మరొకరికి చెప్పకపోతే పక్షపాతమవుతుందని నూరుద్దీన్ చెవిలోనూ చెప్పాడు.

గురువారం పదిన్నరకు మంజులత వచ్చేసరికి గేటు ముందు టెంట్‌హౌస్ బండి ఆగి ఉంది. ఆవరణలో ఇరవై మంది దాకా ఉన్నారు.

“మూడు కుర్చీలు ఏడ సరిపోతయి మేడం? యాభై తెప్పిచ్చిన,” అన్నాడు సాయిలు గర్వంగా.

ఐలేశం పక్షానికి పెద్ద, రిటైరయిన బడిపంతులు అమరేందర్ సారు. నూరుద్దీన్ పక్షానికి కట్టెల అడితి అఖీల్ సేట్. మంజులత నమస్కారం పెట్టేలోపే పంచాయితీ మొదలైంది.

“పచ్చకామెర్లయితే కండ్లు ఏ రంగైతయి? పసుపే గదా! అంటే పచ్చంటె పసుపు. అయిపాయె,” అన్నాడు అమరేందర్ సారు.

“గట్లెట్ల సార్? పచ్చజెండ ఊపితెనే రైలు పోతది. పసుపు జెండ ఊపి సూడున్రి, కదుల్తదా?” అన్నాడు అఖీల్ సేట్.

“మరి పచ్చిపాలో?” అని వెనక నుంచి ఒకాయన లేచాడు. పాలు తెల్లగా ఉంటాయని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

మంజులత నోటుపుస్తకం గుండెకు హత్తుకుంది. “అంటే, అమరేందర్ సారు లెక్కల పచ్చంటె పసుపు. అఖీల్ సేట్ లెక్కల...”

“మేం జెప్పింది మాకే జెప్తవేందమ్మా? తీర్పు జెప్పు!”

“తీర్పు నేను చెప్ప సార్. అది నా పని గాదు.”

“మరి పనులిడిసిపెట్టుకొని రమ్మని మమ్ముల ఎందుకు పిలిచినవ్?”

“నేను పిలువలే.”

అందరి తలలూ సాయిలు వైపు తిరిగాయి. సాయిలుకు అప్పుడే బయట ఏదో పని గుర్తొచ్చింది. ఈలోగా అఖీల్ సేట్ సారును చూసి, “గీయన సదువు జెప్పవట్టే మనోళ్లు గిట్ల తయారైన్రు,” అన్నాడు. సారు లేచాడు. సేటూ లేచాడు. మధ్యలో ఒక కుర్చీ పడింది. దిక్కుతోచక మంజులత తగాదా పడిన ఇద్దరి వైపు చూసింది. వాళ్ల కుర్చీలు రెండూ ఖాళీ.

శుక్రవారం దాకా ఆగకుండా ఇవ్వాళే పోతున్నట్టున్నాడు నూరుద్దీన్! ఆమె రంగుల కొట్టం వైపు పరుగెత్తింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

లోపల ఇద్దరూ ఉన్నారు. నూరుద్దీన్ ఒక నూలు కట్టను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు.

“గిది ఏ రంగు, ఐలేశం?”

“పసుపు. గది గూడ అడుగుతవా?”

“నాకు తెల్లగనే కొడ్తాంది.”

ఐలేశం దగ్గరికొచ్చి అతని కళ్లలోకి చూశాడు. “ఎన్నాళ్ల సంది, నూరు భాయ్?”

“ఏడాదాయె. మోతిబిందు, కండ్లల్ల పొర. పచ్చంటె ఆకుపచ్చనే అనుకున్న, కసమ్. గది కండ్ల తప్పు గాదు. కని నువ్వు మసకలొచ్చినయంటివి సూడు... అబద్ధమైతె నవ్వుతుంటి. నిజమాయె.”

“నాకన్న చెప్పొద్దా?”

“తెలిస్తె ఇంక రంగుల కాడ నిలవడనిస్తరా?”

ఐలేశం ఆ నూలు కట్టను మెల్లగా అందుకున్నాడు. “కోపం రంగు మీదనా, మనిషి మీదనా అని మేడం నిన్న అడిగింది. ఇంటికి పోయినంక గూడ గదే తిరిగింది నా మనసుల. నలుగుట్ల గట్లనుడు నాదే తప్పు. మోతిబిందుకు ఇప్పుడు ఫికర్ లేదు భాయ్, మా చిన్నమ్మకు పాలమూరు దవాఖానల చేపిచ్చిన. సోమారం పొద్దుగాల బస్సుకు పోదాం. నయమయ్యేదాంక నువ్వు కలుపు, నేను సూస్త.”

మంజులత చప్పుడు చేయకుండా వెనక్కి జరిగింది. ఆమె నోటుపుస్తకంలో ఈ పేజీ లేదు.

కాసేపటికి ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని ఆవరణలోకి వచ్చారు. “మేం కలిసినం. మీరిగ పోయి బువ్వలు తినున్రి,” అన్నాడు ఐలేశం.

పెద్దమనుషులు నివ్వెరపోయారు. “పంచాయితి తెగకముందే కలుసుడేంది? జర పద్ధతుండాలె గదా!” అన్నాడు అమరేందర్ సారు.

“సార్ చెప్పింది సహీ!” అన్నాడు అఖీల్ సేట్. అప్పటిదాకా కొట్టుకోబోయిన ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీదికొచ్చారు. “వీళ్లు కలిస్తె కలిసిన్రు, పచ్చ సంగతి తేలాలె!”

“ఇయ్యాల్టి సంది పసుపైతె పసుపనే అంట, ఆకుపచ్చైతె ఆకుపచ్చనే అంట. ఉత్త పచ్చ మా కార్ఖానల బంద్,” అన్నాడు ఐలేశం.

నూరుద్దీన్ మంజులత దగ్గరకొచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. “బేటీ, ఏ పంచాయితిల జూసినా ఒకడు గెలుస్తడు, ఒకడు తల దించుకొని పోతడు. ఇయ్యాల మేం ఇద్దరం తలెత్తుకొని ఇంటికి పోతున్నం. నీ మేలు మరువ.”

“నేనేం చేసిన భాయ్? మీరే మాట్లాడుకున్నరు,” అంది ఆమె. ఆరు నెలలుగా మూగబోయిన కొట్టంలో మాట వినిపించినందుకు ఆమెకే ఎవరికైనా దండం పెట్టాలనిపించింది.

అమరేందర్ సారు మాత్రం కాసేపు ఆలోచించి గొంతు సవరించుకున్నాడు. “తీర్పు జెప్పకుంట పంచాయితి తెంపినోళ్లను నా జన్మల సూడలే. ఇగ మా పేటల నువ్వు గూడ పెద్దమనిషివే బిడ్డా!” అన్నాడు. అందరికంటే ముందు అఖీల్ సేట్ చప్పట్లు కొట్టాడు.

ఆ చప్పట్ల మధ్య, ఆఫీసు బల్ల మీద మంజులత ఫోన్ మోగింది. కేతేపల్లి నుంచి తల్లి. ఎప్పుడు తిరిగొచ్చాడో, సాయిలు పరుగున పోయి ఎత్తాడు. సంతోషం పట్టలేక, “అమ్మా, మంచిమాట! మీ బిడ్డ ఇయ్యాల పెద్దమనిషైంది!” అని అరిచాడు.

“గా ముచ్చట ఇరవై ఏండ్ల కిందనే అయిపాయె బిడ్డా,” అంది తల్లి నిమ్మళంగా. “ఊరందర్ని పిలిచి బువ్వ గూడ పెట్టినం.”