ప్లేటులో చెల్లెలు క్షేమం

పాఠకమహాశయులారా! జబ్బు నయం కావాలంటే మనిషి ఉండాలన్నది పాతకాలపు మాట. మనిషి ఉంటే అడ్డమే తప్ప ఉపయోగం లేదని కళ్ళారా చూసి చెబుతున్నాను. నవ్వకండి!

మా చెల్లెలికి పుట్టుకతోనే గుండె లయ తప్పుతుంది. పది మెట్లెక్కితే పదకొండో మెట్టు మీద కూలబడుతుంది. మేమున్నది మూడో అంతస్తు. ఉన్న మందులేవీ పనిచెయ్యలేదు. కిందటేడు ఒక మందుల కంపెనీ ల్యాబువాళ్ళొచ్చి దాని రక్తం కాస్త తీసుకెళ్ళారు. ఆ రక్తంలోంచి స్టెమ్ సెల్స్ తయారుచేసి, వాటిని గుండె కణాలుగా మార్చి, ప్లాస్టిక్ ప్లేట్లలోని బుల్లి బుల్లి గుంటల్లో పెంచారు. ప్లేటుకి మూడువందల ఎనభైనాలుగు గుంటలు. గుంటకో కొత్త మందు చుక్క. ఏ గుంటలో లయ కుదిరితే ఆ మందు దొరికినట్టు!

ఆహా, ఆ కణాల వైభోగం ఏం చెప్పను! వెచ్చదనం ఒక్క డిగ్రీ తగ్గితే అలారం మోగుతుంది. ఆదివారం కూడా ఎవరో ఒకరు డ్యూటీకొచ్చి వేళకి తిండి పెట్టాలి. మా చెల్లెలు డాక్టరు అపాయింట్‌మెంటు కోసం నెలన్నర ఆగింది. దాని కణాలు కాస్త నలతపడితే చాలు, ముగ్గురు పీహెచ్‌డీలు పరుగెత్తుకొస్తారు. మీలో ఎవరికైనా ఇంత మర్యాద జరిగిందా?

మొన్న ల్యాబు అమ్మాయి ఫోన్ చేసింది. ఆనందం పట్టలేకపోతోంది.

"సార్! మీ చెల్లెలుగారికి తగ్గిపోయిందండీ! ఏడువందల పన్నెండో మందుకి లయ కుదిరింది!"

ఆ సమయానికి సదరు చెల్లెలు రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని రొప్పుతోంది. శుభవార్త చెప్పాను.

"అలాగా? ఎప్పుడు తగ్గిందట నాకు?" అంది.

మరి మందు ఎప్పుడిస్తారని ల్యాబు అమ్మాయిని అడిగాను.

"ఇంకా బోలెడు పరీక్షలు చెయ్యాలండీ. కానీ పైవాళ్ళు ఆపేశారు. ఈ జబ్బున్నవాళ్ళు మరీ తక్కువమందట, మందు చేసినా కొనేవాళ్ళుండరట. కణాలు మాత్రం చాలా బాగున్నాయి సార్! ఒకసారి వచ్చి చూడండి."

కంపెనీవారిని ఏమీ అనకండి. నలుగురికీ వచ్చే జబ్బు తెచ్చుకోకుండా ఎవరికీ లేనిది ఏరికోరి తెచ్చుకోవడం మా చెల్లెలి తప్పు కాదూ?

వెళ్ళి చూశాం. చెల్లెలు మైక్రోస్కోపులో కన్ను పెట్టి ఎంతకీ తియ్యలేదు.

"ఎంత చక్కగా కొట్టుకుంటోందో అన్నయ్యా! నా గుండె ఇలా కొట్టుకోవడం ఇదే మొదటిసారి చూడటం," అంది. పైగా నవ్వింది కూడా. నాకే నవ్వు రాలేదు.

కంపెనీవారికి ఒక్క మనవి. మందు ఇవ్వలేకపోతే పోనీండి. ఆ ప్లేట్లలో మనిషి పట్టే గుంట ఒక్కటి ఖాళీగా ఉంటే చెప్పండి. మా చెల్లెలు పెద్దగా చోటు తీసుకోదు. మెట్లు లేకపోతే చాలు.