తలుపు అవతలి డాక్టరు

ఆరోగ్యశాఖ తనిఖీ పది గంటలకు. సికింద్రాబాద్ లాలాగూడలోని ఆ చిన్న క్లినిక్‌ను షాగుఫ్తా ఎనిమిదింటికే తెరిచి, బల్లలు తుడిపించింది. ఫిజీషియన్ అసిస్టెంటుగా ఆమెకు రిజిస్ట్రేషన్ వచ్చి మూడు నెలలే. రోగిని పరీక్షించవచ్చు గాని, డాక్టరు చెప్పకుండా మందు ఇవ్వకూడదు. ఆ నియమం ఆమెకు కంఠతా వచ్చు.

తొమ్మిదింపావుకు డాక్టర్ హేమచంద్ర వచ్చారు. సెల్‌ఫోన్ టేబుల్ మీద పెట్టి, పాత రిజిస్టర్ల కోసం స్టోరు గదిలోకి వెళ్లారు. వానలకు ఉబ్బిన తలుపు ఆయన వెనకాలే బిగుసుకుపోయింది. లోపలి నుంచి లాగితే పిడి ఊడి చేతికొచ్చింది.

"షాగుఫ్తా, తలుపు రావట్లేదమ్మా! అటునుంచి నెట్టు!"

ఆమె భుజం పెట్టి నెట్టింది. తలుపు కదల్లేదు.

"జెర ఓపిక పట్టండి సార్. పీరా భాయ్‌కి ఫోన్ చేస్తున్న."

వడ్రంగి పీరా యాప్రాల్‌లో పనిలో ఉన్నాడు. గంట పడుతుందన్నాడు.

అంతలో మాబూబీ ఆటో దిగింది. పాత ఉబ్బసం రోగి. మాట మాటకీ మధ్య ఊపిరి అందడం లేదు.

"డాక్టర్ సాబ్... ఏడి... బేటీ?"

"స్టోరులున్నరు ఖాలా. బయటికి రాలేరు."

వంతు కోసం బెంచీ మీద కూర్చున్న రోగి కాంతమణి ఆ మాట విని, గుమ్మం దగ్గర ఫోనులో చెల్లెలికి చెప్పింది. "తనిఖీవోళ్లు వస్తున్నరని డాక్టరు స్టోరుల దాక్కున్నడే!"

మెట్లెక్కుతున్న తనిఖీ అధికారి శాంతికుమార్ చెవిన అది పడనే పడింది.

"డాక్టర్ ఎక్కడ?" అన్నాడు లోపలికి వస్తూనే.

"స్టోరులున్నరు సార్."

"పిలు."

"రాలేరు సార్. తలుపు..."

"దాక్కున్నవాళ్లు ఎలా వస్తారులే! డాక్టర్ లేకుండా మందు ఇచ్చావో, నీ రిజిస్ట్రేషన్ రద్దు చేయమని రాస్తాను."

మాబూబీ వేలికి పెట్టిన మీటరు ఎనభై ఎనిమిది చూపిస్తోంది. షాగుఫ్తా తలుపు వైపు తిరిగి గట్టిగా అరిచింది.

"సార్! మాబూబీ ఖాలాకు దమ్ము! ఆక్సిజన్ ఎనభై ఎనిమిది!"

"ఆక్సిజన్ పెట్టు! ఎప్పుడూ ఇచ్చే మందే నెబ్యులైజర్లో వెయ్యి! తగ్గకపోతే అంబులెన్స్ పిలు!"

"ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు," అన్నాడు శాంతికుమార్.

"రాస్కోండి సార్. ముందు ఆమెకు ఊపిరాడాలె." షాగుఫ్తా మాస్కు తగిలించింది.

తరువాత పావుగంట అంకెలు తప్ప మరో మాట వినిపించలేదు.

"తొంభై!"

"ఆపకు!"

"తొంభై మూడు!"

శాంతికుమార్ కలం తెరిచి పట్టుకునే ఉన్నాడు. తొంభై ఆరు దగ్గర మాబూబీ మాస్కు పక్కకు జరిపింది.

"ఏందీ, అందరు గిట్ల నిలబడ్డరు? ఎవరన్న పోయిండ్రా?"

షాగుఫ్తా కళ్లు తుడుచుకుంది. శాంతికుమార్‌కు మాత్రం అనుమానం తీరలేదు.

"ఆ గొంతు మనిషిని నేను చూడాలి!" అంటూ తన భారీకాయాన్ని తలుపు మీదికి విసిరాడు. తలుపు తెరుచుకుంది. ఆయన తూలి లోపల పడ్డాడు. ఆ అదురుకి లోపలున్న సెలైన్ పెట్టెల దొంతర కూలి తలుపు మీద పడింది. తలుపు మళ్లీ బిగుసుకుంది.

"రండి సార్," అన్న డాక్టరు గొంతు వినిపించింది. "ఆ అట్టపెట్టె మీద కూర్చోండి. ఇదిగో నా గుర్తింపు కార్డు."

పీరా వచ్చేలోపు తలుపు కింది సందులోంచి తనిఖీ కాగితం బయటికి జారింది. షాగుఫ్తా భయపడుతూనే తీసి చదివింది. పర్యవేక్షణ గడిలో శాంతికుమార్ ఇలా రాసి సంతకం పెట్టాడు: "డాక్టరు పూర్తి సమయం క్లినిక్‌లోనే ఉన్నారు; ఇప్పట్లో బయటికి వెళ్లే సూచనలు లేవు."