ఎముకలు తోమిన శనివారం

పన్నెండు గంటలు వండి నాలుగు నిమిషాల్లో తినేయాల్సిన వంటకం ఒక్కటైనా వండని ఇల్లు ఇల్లే కాదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి. ఇలాంటి విషయాల్లో నేను ఛలోక్తులు విసరను. విసిరితే గరిటే విసురుతాను!

'రెస్టారెంట్ రుచి ఇక మీ ఇంట్లోనే!' అని ఊరించే వీడియోలను తిట్టేవాళ్లున్నారు. కృతఘ్నులు! ఆ వీడియోలే లేకపోతే, పాలు పొంగకుండా చూడమంటే పొంగడమంతా శ్రద్ధగా చూసిన నాబోటి యాభై మూడేళ్ల మనిషి, జపాన్‌లో హకాటా అనే చోటి రామెన్, అంటే నూడుల్స్ సూపు, వండగలనని ఎలా అనుకుంటాడు? ఆత్మవిశ్వాసాన్ని ఇంత ధారాళంగా ఇంకెవరు పంచుతున్నారు?

సంగతేమిటంటే, కిందటి నెల మా ఆఫీసు వీధిలో కొత్తగా తెరిచిన జపాన్ హోటల్‌కి మా ఆవిడని తీసుకెళ్లాను. పంది ఎముకల్ని పాలలా తెల్లబడేదాకా మరిగించిన సూపు, అందులో దారాల్లాంటి సన్నటి నూడుల్స్, పైన సగానికి కోసిన గుడ్డు. ఆవిడ గిన్నె ఎత్తి చివరి చుక్కదాకా తాగి, కళ్లు మూసుకుని, "హాయిగా ఉందండీ" అంది.

పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆ మాట నాకు దక్కలేదు. ముక్కూ మొహం తెలియని వంటవాడెవడో ఎగరేసుకుపోయాడు! ఆ మాట మా ఇంటి బల్ల దగ్గర, నా వంట తిని, నా ఎదుట అనాలి. అంతే. ఆ రోజునుంచి నా చూపంతా సూపు మీదే.

ఈ వంటవల్ల మనుషుల మధ్య ఎంత ఆప్యాయత పెరుగుతుందో చూడండి. మాంసం కొట్టులో నాలుగు కిలోల ఎముకలు కావాలి, మాంసం అక్కర్లేదు అన్నాను. కొట్టాయన మెత్తబడిపోయి, "ఏ జాతి కుక్క సార్?" అని అడిగాడు. నా పరువు కోసం పెద్ద జాతి పేరే చెప్పాను. ఇప్పుడు వీధిలో ఎదురైనప్పుడల్లా దాని ఆరోగ్యం అడుగుతున్నాడు.

ఇక పరిశుభ్రత. ఎముకల్ని ఒక ఉడుకు ఉడికించి, సందుల్లో పేరుకున్న నల్లటి నెత్తురంతా టూత్‌బ్రష్‌తో తోమాలని వీడియోలో గురువుగారి ఆజ్ఞ. తోమాను. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మూలమూలలా. నా పళ్లకి ఈ యోగం పట్టి ఉంటే మా కింది ఫ్లాట్ పళ్ల డాక్టరు ఇంకో వృత్తి చూసుకునేవాడు. ఆ బ్రష్ ఎవరిది నాన్నా అని మా అమ్మాయి అడిగింది. కొన్ని ప్రశ్నలకు జవాబు దొరక్కపోవడమే కుటుంబానికి క్షేమం.

శనివారం పొద్దున్నే అయిదింటికి పొయ్యి వెలిగించాను. పదింటికి కిటికీ అద్దాలకు చెమటలు పట్టాయి. మధ్యాహ్నానికి కర్టెన్లూ, దిళ్లూ, మా అత్తగారి శాలువా అన్నీ హకాటా అయిపోయాయి. ఆవిడ శాలువా కొస ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఉతికితే పోయే వాసనేనా అల్లుడుగారూ అని మర్యాదగా విచారించింది. వంటిల్లు నా ఆక్రమణలో ఉంది కాబట్టి అందరూ బ్రెడ్డు తిన్నారు. చూశారా, ఒళ్లు తగ్గడం కూడా ఇందులోనే కలిసొచ్చింది!

గిన్నె అడుగున వేసే ఉప్పటి సాసుని టారె అంటారట. నా చేతిలో అది తారుమారైంది. మళ్లీ చేశాను. బ్రాత్ అనే ఆ ఎముకల రసం మరిగినంతసేపూ నా బ్రతుకూ మరిగింది. ఎట్టకేలకు సాయంత్రం అయిదున్నరకి సూపు తెల్లబడింది. చెంచాతో రుచి చూశాను. ఒట్టు, అదే రుచి!

హకాటా నూడుల్స్ నిమిషంలోపే ఉడుకుతాయి. గిన్నెలో పడ్డాక వాటి ఆయుష్షు నాలుగు నిమిషాలు. ఆ తర్వాత సూపంతా అవే తాగేస్తాయి. అందుకే హోటల్లో మనుషులు కూర్చున్నాకే వాటిని నీళ్లలో వేస్తారట. నేను ముందు వేసి తర్వాత పిలిచాను. సొంత ఇంట్లో, సొంత మనుషులు, పిలవగానే రారా?

అమ్మాయి ఫోన్లో ఉంది, రెండు నిమిషాలంది. అత్తగారి సీరియల్లో కోడలు నిజం చెప్పబోతోంది, చెప్పాక వస్తానంది. ఆ కోడలు మూడేళ్లుగా చెప్పబోతూనే ఉంది. మా ఆవిడ బాల్కనీలో బట్టలు మడతపెడుతూ, "ఇదిగో వచ్చేస్తున్నా, మీరు మొదలెట్టండి" అంది.

రమ్మంటే రాని జనానికి రామెన్ దేనికండీ?

నాలుగు గిన్నెల ముందు ఒక్కణ్నే నిలబడ్డాను. నా కళ్లముందే నూడుల్స్ ఒళ్లు చేశాయి. ఆరో నిమిషానికి సూపు కనబడలేదు. మునగడానికి చోటులేక గుడ్డు మేడెక్కి కూర్చుంది. మూడోసారి పిలిచేసరికి నా గొంతు మీద నాకే జాలేసింది. పదకొండో నిమిషానికి అందరూ వచ్చారు.

అత్తగారు పళ్లతో పనిలేకుండా బాగుందని రెండో గిన్నె అడిగింది. మా ఆవిడ గిన్నె ఎత్తి చూసింది. తాగడానికి ఏమీ లేదు. దించేసి, "పర్లేదండీ" అంది.

పర్లేదా! నేను లేచి నిలబడి ఉపన్యాసం అందుకున్నాను. వండిన మనిషి కష్టమేమిటి, పిలుపుకున్న విలువేమిటి, వేడిగా ఉన్నప్పుడు తినడమనే కనీస మర్యాద ఏమిటి... అమ్మాయీ అమ్మమ్మా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఆవిడ నూడుల్స్ గడ్డని చెంచాతో కోసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"పదకొండు నిమిషాలకేనా ఇంత? నేనైతే మిమ్మల్ని ఒకసారి పిలిచి, వెళ్లి స్నానం చేసొచ్చి, రెండోసారి పిలుస్తానండీ."

అయినా సరే, ఇంటిల్లిపాది లోపాలనీ ఒక్క పూటలో బయటపెట్టే ఈ వంట వరమేనన్న మాటకి నేను కట్టుబడే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం ఆ వీడియో కింద నా అనుభవం రాయడానికి కూర్చున్నాను. 'గురువుగారూ, మీ సూపులో లోపం లేదు. లోపమంతా పిలిస్తే రాని కుటుంబాలది' అని మొదలుపెట్టాను. మంచి ఊపులో ఉండగా మా ఆవిడ భోజనానికి పిలిచింది. ఇదిగో వస్తున్నా అన్నాను. క్రమశిక్షణ మీద పేరా పూర్తయ్యేలోగా ఇంకోసారి పిలిచింది. వచ్చేశా, నువ్వు మొదలెట్టు అన్నాను.

మూడోసారి పిలవలేదు. నా కంచం మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది.