కదలకుండానే ఫారిన్ వెళ్లిన యారెట్సీ

ఫారిన్ వెళ్లాలంటే వీసా, విమానం, సూట్‌కేసు కావాలని ఎవరన్నారు? మా టెక్సాస్‌లో అవేవీ అక్కర్లేదు! ఉన్నచోటే కూర్చోండి, ప్రభుత్వమే మిమ్మల్ని విదేశీయుల్ని చేసి పెడుతుంది!

మా ఎదురింటి యారెట్సీనే చూడండి. రెండేళ్లప్పుడు తల్లి చంకనెక్కి మెక్సికో నుంచి వచ్చింది. కాగితాలు లేవు. ఇక్కడి బళ్లోనే చదివింది, బడి బ్యాండులో మా చెవులు చిల్లులు పడేలా బాకా ఊదింది. కాలేజీలో నర్సు చదువు మూడేళ్లు పూర్తిచేసింది, ఇంకొక్క ఏడాది మిగిలింది. ఇంతలో కొత్త నియమం! కాగితాలు లేనివాళ్లు ఇకపై విదేశీ ఫీజు కట్టాలట, అంటే మూడింతలు. ఏం ప్రమోషనండీ! మా వీధిలో ఇంత ఖరీదైన మనిషి ఇంకెవరున్నారు?

పాపం, ఆమె కాలేజీలోనే చదివే టక్కర్‌కు ఆ యోగం లేదు. ఎక్కడో ఉత్తరాన ఉన్న ఒహాయో రాష్ట్రం నుంచి నిరుడే దిగాడు, అప్పుడే లోకల్ అయిపోయాడు. తక్కువ ఫీజుతోనే సరిపెట్టుకుంటున్నాడు. టెక్సాస్ చరిత్ర బుర్రకెక్కక యారెట్సీ దగ్గర ట్యూషన్‌కు వస్తాడు. స్థానికుడికి విదేశీయురాలు స్థానిక చరిత్ర నేర్పడం! ఇంతటి అంతర్జాతీయ సహకారం ఐక్యరాజ్యసమితిలోనైనా ఉందా?

ఈ గొప్పతనం తల్లి ఒబ్దూలియాకే అర్థం కాదు. మొక్కజొన్న పొత్తుల ఆకుల్లో పిండి పెట్టి టమాలీలు చుడుతూ కళ్లొత్తుకుంటోంది.

"ఏడుపెందుకు చెల్లెమ్మా? నీ కూతురు ఫారినర్ అయింది!" అన్నాను.

"నీ నోట్లో మన్ను పడ, అన్నయ్యా! దానికి ఈ ఊరు తప్ప ఇంకో ఊరు తెలుసా?"

యారెట్సీ నవ్వేసి, ఎప్పట్లాగే నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. "మాట్లాడకు మావయ్యా, పెరుగుతుంది," అంది. మర్నాడే చదువు మానేసి హోటల్లో గిన్నెలు తోమే పనికి కుదిరింది. మూడింతల ఫీజు ఆ ఇంట్లో ఎవరు కట్టగలరు?

ఇప్పుడు బీపీ చూసేవాళ్లు లేక నిన్న ఊరి ఆసుపత్రికి వెళ్లాను. ఉన్న ఒక్క నర్సూ రిటైరైపోయిందట.

"ఇక్కడివాళ్లెవరూ దొరకట్లేదు పెద్దాయనా," అన్నాడు కౌంటర్లో కుర్రాడు. "ఫారిన్ నుంచి రప్పిస్తున్నాం. ఆర్నెల్లు పడుతుంది. అప్పటిదాకా టెన్షన్ పడకు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫారిన్ నర్సు కోసం అంత దూరం ఎందుకయ్యా? మీరు తయారుచేసిన ఫారినర్ ఈ పక్క సందులోనే గిన్నెలు తోముతోంది. ముందు ఆ పిల్లను చదువుకోనివ్వండి!